అరికాళ్ల బొమ్మ గురించి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

నుమాయిష్‌లో కొన్న ఆ అరికాళ్ల బొమ్మ చూసి మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. బొటనవేలి దగ్గర మెదడు, వేళ్ల కింద ఊపిరితిత్తులు, పాదం లోపలి అంచున వెన్నెముక, కుడికాలి మీద కాలేయం అని గుర్తులున్నాయి కదా. అక్కడ నొక్కితే నిజంగానే ఆ అవయవం బాగుపడుతుందా అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

దీన్ని రిఫ్లెక్సాలజీ అంటారు. ఏ కాలం నాటిదో అనుకుంటారు గానీ, ఆ బొమ్మకు ఇంకా వందేళ్లు నిండలేదు. అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఈఎన్‌టీ డాక్టరు ఒంటిని తల నుంచి కాలి దాకా పది నిలువు భాగాలుగా ఊహించాడు. ఒకచోట నొక్కితే అదే భాగంలో ఇంకోచోట నొప్పి తగ్గుతుందన్నాడు. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ ఆ ఆలోచనను పాదాల మీదికి తెచ్చి గుర్తులు పెట్టింది.

అరికాలి నరాలు కాలి వెంబడి పైకి వెళ్లి వెన్నుపాముకు చేరతాయి, అక్కడి నుంచి కబురు మెదడుకు పోతుంది. అరికాలి నుంచి నేరుగా కాలేయానికి పోయే దారి ఏదీ శరీరశాస్త్రంలో లేదు. అయినా దారి కనపడలేదని ఫలితమే ఉండదని తేల్చెయ్యకండి. పరీక్ష పెట్టి చూడాలి.

పెట్టారు కూడా. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో, జబ్బేమిటో ముందు చెప్పకుండా 18 మంది పాదాలను ఇద్దరు రిఫ్లెక్సాలజీ నిపుణులకు చూపించారు. ఉన్న జబ్బును వాళ్లు పట్టుకోలేకపోయారు. ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన కుదరలేదు. 2002లో ఇంగ్లండులో పేగుల ఇబ్బంది ఉన్న 34 మందిని తీసుకుని కొందరికి రిఫ్లెక్సాలజీ, కొందరికి ఉత్త పాదాల మసాజ్ చేశారు. కడుపునొప్పిలో, ఉబ్బరంలో రెండు గుంపులకూ తేడా రాలేదు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. కాళ్లు పడితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఆ హాయి బొమ్మలోని గుర్తుల వల్ల వచ్చిందా, ఉత్త స్పర్శ వల్ల వచ్చిందా అన్నది పక్కన ఇంకో గుంపు ఉంటేనే తెలుస్తుంది. 2009లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ అనే వైద్య పరిశోధకుడు ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి చూసి, ఏ జబ్బునైనా ఇది నయం చేస్తుందని నమ్మకంగా చెప్పే ఆధారం లేదన్నాడు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో గ్వెన్ వయట్ బృందం ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడుతున్న 385 మంది ఆడవాళ్లతో చేసిన పరిశోధన 2012లో వచ్చింది. రిఫ్లెక్సాలజీ చేయించుకున్నవాళ్లకు ఆయాసం తగ్గింది, పనులు చేసుకోవడం కాస్త తేలికైంది. మామూలుగా కాళ్లు పట్టించుకున్నవాళ్లకు అలసట తగ్గింది. నొప్పిలో, వికారంలో మాత్రం గుంపుల మధ్య తేడా రాలేదు. 2017లో అదే బృందం ఇంట్లోవాళ్లకే నేర్పించి చేయిస్తే, రోగుల బాధలు కొంత తగ్గాయి. అక్కడ పోల్చడానికి మసాజ్ గుంపు లేదు కాబట్టి, మేలు గుర్తులదా, అయినవాళ్ల చేతులదా అని చెప్పలేం. అయినా కీమో చేయించుకుని వచ్చిన మనిషికి ఆ అరగంట దొరకడం చిన్న విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

క్యాన్సర్ మందు ఆపి ఇది చేయించుకోమని ఈ పరిశోధకులెవరూ అనలేదు. దీన్ని మందుకు తోడుగానే చూశారు.

తాతయ్యకు మీరు రోజూ కాళ్లు పట్టండి, ఎంతో సంతోషిస్తారు. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి ముందు లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. తిమ్మిరి వల్ల పుండు పడినా ఆయనకు తెలియకపోవచ్చు. పుండు కనిపిస్తే నొక్కకండి, అరికాళ్లు నొక్కుకోవడానికి అమ్మే ముళ్ల చెప్పులు అసలే వేయకండి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. ముట్టుకోకుండా వెంటనే అమ్మకు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మీ అమ్మమ్మ