సీలియాక్ పిల్లలకు సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్: అపోహలు - వాస్తవాలు

బిడ్డకి సీలియాక్ (గోధుమ, బార్లీ, రైలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే చిన్న పేగు దెబ్బతినే జబ్బు) అని తేలిన వారం తిరక్కుండానే నా ఫోన్‌కి ఫొటోలు రావడం మొదలవుతుంది. షాంపూ సీసా వెనక వైపు, డైపర్ క్రీమ్ ట్యూబు, బట్టల సబ్బు పొడి ప్యాకెట్, గిన్నెలు తోమే లిక్విడ్. అన్నిటి కిందా ఒకటే ప్రశ్న: "ఇందులో గ్లూటెన్ ఉందా మేడమ్?" నేను పిల్లల డైటీషియన్ని. అయినా సీలియాక్ కుటుంబాలు మొదటి నెలలో నన్ను తిండి గురించి అడిగేదానికంటే బాత్‌రూమ్ అలమర గురించి అడిగేదే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టను. బిడ్డ నెలల తరబడి బరువు పెరగక, పొట్ట ఉబ్బి, తిన్నది ఒంటబట్టక నీరసించిపోతుంటే కళ్లారా చూసినవాళ్లు. కారణం ఫలానా అని తెలిశాక దాన్ని గడప దాటించి తరిమేయాలనే ఎవరికైనా అనిపిస్తుంది. నా కోపమంతా ఆ భయానికి ఆజ్యం పోసే ఫార్వర్డ్ మెసేజ్‌ల మీదే.

అపోహ: గ్లూటెన్ చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. సబ్బు, షాంపూ, లోషన్, డిటర్జెంట్ అన్నీ మార్చేయాలి.

ఇంకదు. గ్లూటెన్ చాలా పెద్ద ప్రోటీన్, మామూలు చర్మాన్ని దాటి లోపలికి పోలేదు. అసలు సీలియాక్‌లో గొడవ జరిగే చోటు చిన్న పేగు. తిన్న గ్లూటెన్ పూర్తిగా అరగకుండా అక్కడికి చేరుతుంది. పేగు గోడలో ఉండే టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ దాని రూపం కొంచెం మారుస్తుంది. డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువులతో పుట్టి, ఈ జబ్బు వచ్చినవాళ్లలో రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా పట్టుకుంటాయి. ఆ దాడిలో పేగు లోపలి విల్లై, అంటే తిన్నదాన్ని ఒంట్లోకి పీల్చుకునే సన్నని వేళ్లలాంటివి, అరిగిపోతాయి. తలకి రుద్దిన షాంపూ ఈ దారి పట్టాలంటే ముందు నోట్లో పడాలి.

"మరి సీలియాక్ ఉన్నవాళ్లకి ఒంటి మీద పొక్కులు వస్తాయి కదా?" అని అడుగుతారు. వస్తాయి. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద భరించలేని దురదతో వచ్చే ఆ పొక్కుల్ని డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అంటారు. అవి చర్మం మీద కనిపించినా తెప్పించేది తిన్న గ్లూటెనే. క్రీమ్ రాసినందువల్ల రావు. చిన్నపిల్లల్లో అవి అరుదు కూడా.

ఈ ఒక్క అపోహని ఇంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానంటే, దీనివల్ల జరిగే నష్టం డబ్బుతో పోదు. ఒక మూడేళ్ల బాబు గుర్తొస్తాడు. తిండిలో ఎక్కడా పొరపాటు లేదు, వాళ్లమ్మ రాసుకొచ్చిన పట్టిక చూస్తే నాకే ముచ్చటేసింది. అయినా టీటీజీ యాంటీబాడీలు (సీలియాక్ అదుపులో ఉందో లేదో రక్తపరీక్షలో చూసేవి) ఏడాది దాటినా దిగడం లేదు. ఆవిడ అప్పటికే సబ్బులు, నూనెలు, పౌడర్లు, చివరికి అమ్మమ్మ రాసుకునే కాళ్ల క్రీమ్ కూడా మార్పించేసింది. నేను బాబు రోజు ఎలా గడుస్తుందో పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమన్నాను. ప్లేస్కూల్లో పొద్దున పూట గోధుమపిండి, నీళ్లు, రంగు కలిపిన ముద్దతో బొమ్మలు చేయిస్తారు. తర్వాత వెట్ వైప్‌తో చేతులు తుడిచి స్నాక్ డబ్బా చేతికిస్తారు. అది తిండి కాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, స్కూలు వాళ్లకీ తట్టలేదు. పిండి మార్పించి, సబ్బుతో చేతులు కడిగించడం మొదలుపెట్టాక యాంటీబాడీలు దిగడం మొదలైంది. వీధి తలుపుకి మూడు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు, ఆ ఏడాదంతా ఆ తల్లి శ్రమ షాంపూ సీసాల దగ్గరే ఖర్చైపోయింది.

ఇక్కడే ఒక మాట. తిండి సరిగ్గా ఉన్నా పిల్లల్లో టీటీజీ మామూలు స్థాయికి రావడానికి చాలా నెలలు పడుతుంది, మొదట్లో బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి ఏడాది దాటొచ్చు. ఆర్నెల్ల పరీక్షలో ఇంకా ఎక్కువే ఉన్నా, ముందుకంటే తగ్గుతూ వస్తోందంటే దారి సరిగ్గానే ఉన్నట్టు. దానికి లోషన్ని అనుమానించకండి.

చేతుల సంగతి పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2020లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో పిల్లల చేత స్కూలు పనులు చేయించి, తర్వాత వాళ్ల చేతులకీ బల్లలకీ గ్లూటెన్ లేని బ్రెడ్ రుద్ది, ఆ బ్రెడ్‌లో ఎంత గ్లూటెన్ చేరిందో కొలిచారు. ప్లే-డోలో, అంటే పిల్లలు బొమ్మలు చేసుకునే దుకాణపు రంగు ముద్దలో, గోధుమ ఉంది, ఆ మాట తయారీదారులే చెబుతారు. అయినా దాన్నుంచీ, ఉడికించని పాస్తా నుంచీ బ్రెడ్‌కి అంటింది తక్కువే. పిండి జిగురుతో కాగితం బొమ్మలు చేయడం, ఉడికిన పాస్తాతో ఆడటం, పిండి కలిపి బేక్ చేయడం, ఈ తడి పనుల తర్వాత మాత్రం గ్లూటెన్ ఫ్రీ ఆహారానికి ఉన్న 20 పీపీఎం (కిలోకి 20 మిల్లీగ్రాములు) పరిమితి దాటిపోయింది. శుభ్రం చేసే పద్ధతుల్లో ఎప్పుడూ నమ్మదగ్గది సబ్బూ నీళ్లే. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే గోధుమ ఉన్న బంకమట్టి అసలు ఇవ్వకండి. చేతికి అంటడం సంగతి పక్కన పెట్టండి, వాళ్లు ముద్దలు ముద్దలుగా మింగుతారు.

శానిటైజర్ రాస్తే చాలదా అంటారు. చాలదు. అది క్రిముల్ని చంపుతుంది. గ్లూటెన్ క్రిమి కాదు, చంపడానికి. చెయ్యి మీద నుంచి కడిగి పోగొట్టాలి, అంతే. మరిగించినా పోదు.

అపోహ: అన్నిటికంటే ప్రమాదం టూత్‌పేస్ట్, ఎలాగూ మింగేస్తారు.

ఈ భయంలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే ఇది నిజంగా నోట్లోకి వెళ్లే వస్తువు. 2019లో ఇటలీ పరిశోధకులు టూత్‌పేస్టులు, మౌత్‌వాష్‌లు, లిప్‌స్టిక్‌లు, లిప్ బామ్‌లు కలిపి 66 పరీక్షిస్తే నాలుగింటిలోనే 20 పీపీఎం కంటే ఎక్కువ ఉంది. వాటిలో ఎక్కువది సుమారు 35. ఇప్పుడు లెక్క వేద్దాం. 35 పీపీఎం అంటే కిలో పేస్టులో 35 మిల్లీగ్రాములు. మూడేళ్లు దాటిన పిల్లలకి బఠాణీ గింజంత పేస్టు, అంటే పావు గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా అర గ్రాము, అందులో గ్లూటెన్ ఒక మిల్లీగ్రాములో యాభయ్యో వంతు కూడా ఉండదు. 2007లో వచ్చిన పేరున్న అధ్యయనంలో రోజుకి 50 మిల్లీగ్రాములు మూడు నెలలు తిన్నవాళ్ల పేగు దెబ్బతింది. రోజుకి 10 మిల్లీగ్రాముల లోపు చాలామందికి పరవాలేదని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. ఆ 10 చేరాలంటే అలాంటి పేస్టు మీ బిడ్డ రోజుకి మూడు పెద్ద ట్యూబులు తినాలి.

నన్ను నిజంగా భయపెట్టేది ఇంకొకటి. "గ్లూటెన్ ఫ్రీ, నేచురల్" అని రాసి ఉందని ఫ్లోరైడ్ లేని పేస్టుకి మారిపోతారు. సీలియాక్ పిల్లల్లో చాలామందికి పంటి ఎనామెల్ ముందే బలహీనంగా ఉంటుంది, మచ్చలతో, గీతలతో. ఫ్లోరైడ్ అందరికంటే ఎక్కువ అవసరమైంది వాళ్లకే. ఫ్లోరైడ్ ఉండి, గోధుమ పదార్థాలు లేని పేస్టులు కావలసినన్ని దొరుకుతాయి. దయచేసి దీని దగ్గర రాజీపడకండి.

లిప్ బామ్‌కీ, బొటనవేలు చీకే పిల్లల చేతులకి రాసే క్రీమ్‌కీ నేను గోధుమ లేనిదే ఎంచుకోమంటాను. అక్కడ దారి నోరే కాబట్టి. పదార్థాల జాబితాలో ట్రిటికమ్ వల్గారే అంటే గోధుమ, హార్డియం వల్గారే అంటే బార్లీ, సెకాలే సీరియాలే అంటే రై, అవేనా సటైవా అంటే ఓట్స్. హైడ్రలైజ్డ్ వీట్ ప్రోటీన్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన గోధుమ ప్రోటీన్) అని సూటిగానూ రాస్తారు. టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ, దానికి భయం అక్కర్లేదు. ఓట్స్ పొడి కలిపిన స్నానపు నీళ్లు బకెట్లోంచి తాగే వయసైతే ఆ పొడి మానేయండి, ఓట్స్‌లో గోధుమ కలవడం మామూలే.

సీసా మీద గ్లూటెన్ ఫ్రీ అని లేకపోతే గ్లూటెన్ ఉన్నట్టేనా? కాదు. 20 పీపీఎం నియమం ఆహారానిది. షాంపూ మీద ఆ మాట తయారీదారు తనంతట తాను వేసుకునేదే. వేయనివాళ్ల సరుకులో చాలా మటుకు గోధుమ ఉండనే ఉండదు.

ఇంతవరకు చెప్పింది సీలియాక్ గురించి. గోధుమ ఎలర్జీ వేరే జబ్బు, ఈ రెండింటినీ కలిపేసినందువల్లే సగం పుకార్లు పుట్టాయి. ఎలర్జీలో చర్మానికి తగిలినదీ లెక్కే. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ తెచ్చుకున్నారు. 2011లో ఆ సబ్బుని వెనక్కి తీసుకున్నారు. ముందు హాయిగా బ్రెడ్ తిన్నవాళ్లే, తర్వాత తింటే ఒళ్లంతా దద్దుర్లు, కొందరికి ప్రాణం మీదికి వచ్చింది. ఆ అనుభవం తర్వాత యూరప్ 2017లో సౌందర్య సాధనాల్లో హైడ్రలైజ్డ్ వీట్ ప్రోటీన్ ముక్కల పరిమాణానికి హద్దు పెట్టింది. మీ బిడ్డది గోధుమ ఎలర్జీ అయినా, ఎగ్జిమాతో చర్మం పగిలి ఉన్నా, గోధుమ, ఓట్స్ ప్రోటీన్ లేని క్రీములే వాడండి. ఏ జబ్బో తెలియకపోతే ముందు డాక్టర్ని అడిగి అది తేల్చుకోండి, జవాబులన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మిగతావి త్వరగా. బట్టల డిటర్జెంట్, నేల తుడిచే ద్రావణం, డైపర్లు, వైప్స్, స్టిక్కర్లు: వదిలేయండి. గిన్నెల లిక్విడ్‌తో బాధ లేదు, స్పాంజితో ఉంది. గోధుమ ముద్ద అంటిన గిన్నె తోమిన స్పాంజితోనే పాప గిన్నె తోమకండి, దానికి వేరేది పెట్టండి. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే దాని గిన్నె పాకే బిడ్డకి అందని చోట ఉంచండి, పొడి మేతల్లో చాలావాటిలో గోధుమ ఉంటుంది, పిల్లలు తీసుకుని తింటారు.

మందులు మాత్రం తప్పకుండా అడగాల్సినవి, అవి మింగేవి కాబట్టి. మాత్రలో స్టార్చ్ అని రాసి ఉంటే ఏ ధాన్యానిదో ఫార్మసిస్టుని అడగండి. చాలా మందుల్లో అది మొక్కజొన్నదో బంగాళాదుంపదో అయి ఉంటుంది. జవాబు వచ్చేదాకా యాంటీబయాటిక్ డోసు ఆపకండి, ఆపాల్సి వస్తే ఆ మాట రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.