మంచు మీద 3 అంకె

ఫిగర్ స్కేటింగ్ అనగానే మనకి గాల్లోకి ఎగిరి గిర్రున తిరగడమే గుర్తొస్తుంది. అమెరికాలో స్కేటింగ్ స్కిల్స్ టెస్టుకి వెళ్లే పిల్లలు మాత్రం ఎగరరు. ఒంటికాలి మీద వంపుగా జారుతూ వెళ్లి, అదే కాలి మీద ఒళ్లు తిప్పేసి, వీపు ముందుకు పెట్టి అదే వంపులో సాగిపోతారు. చూడ్డానికి చిన్న పనే. దాని కోసం వాళ్లు ఏళ్ల తరబడి పడే శ్రమ తెలిశాక, నాకు ఎగరడం కన్నా దీని మీదే గౌరవం ఎక్కువైంది.

మొదట నేర్పే మలుపుల్లో ఒకటి త్రీ టర్న్. ఐస్ మీద పడే గీత 3 అంకెలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ముందు బ్లేడు సంగతి. మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగున పొడవునా సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు పదునైన అంచులు. నిటారుగా నిలబడితే రెండంచులూ తగిలి జంట గీతలు పడతాయి. పక్కకి ఒరిగితే ఒక్కటే పడుతుంది. అందుకే మంచి కోచ్‌లు పిల్లని చూడ్డంతో ఆగరు, ఆమె వెళ్లిపోయాక వంగి గీతని చూస్తారు. జంట గీత కనిపిస్తే అక్కడ నిటారుగా అయిపోయిందన్నమాట.

ఎంత ఒరగాలి? సెకనుకు 4 మీటర్ల వేగంతో, 3 మీటర్ల వ్యాసార్ధమున్న వలయం మీద వెళ్తుంటే నిటారు నుంచి దాదాపు 29 డిగ్రీలు. బరువు లెక్కలోకి రాదు. ఆరేళ్ల పిల్లకైనా వాళ్ల నాన్నకైనా అంతే.

ఇక మలుపు. కొత్తవాళ్లు పాదాన్ని మెలితిప్పబోతారు. బ్లేడు ఐస్‌ని గీరేస్తుంది, 3 మధ్యలో ఉండాల్సిన మొన మరకలా మిగులుతుంది. నిజానికి మలుపు భుజాల దగ్గర మొదలవ్వాలి. మోకాలు వంచి అంచు మీద ఉన్నంతసేపూ ఐస్ కాలిని పట్టుకునే ఉంటుంది. ఆ ఆసరాతో భుజాలు ముందే తిరిగి, నడుము దగ్గర మెలిక పడుతుంది. అప్పుడు మోకాలు లేస్తుంది. బరువు చూసే మిషన్ మీద మోకాళ్లు వంచి లేచి చూడండి, లేవడం పూర్తయ్యే క్షణంలో ముల్లు తగ్గిపోతుంది. సరిగ్గా అలాంటి తేలిక క్షణంలో, బరువు పాదం ముందుభాగానికి చేరి, మెలిక విడిపోయి కాలు దానంతటదే తిరుగుతుంది.

తిరగడం కన్నా ఆగడం కష్టం. తిరిగే కుర్చీలో కాళ్లెత్తి కూర్చుని, చాచిన చేతులు కుడికి విసిరితే కుర్చీ ఎడమకి పోతుంది కదా. స్కేటర్ కూడా భుజాల్ని ఎదురు దిక్కుకి లాగుతుంది. కింద నడుము మలుపు పూర్తి చేస్తుంది, కొత్త అంచు ఐస్‌ని పట్టుకుంటుంది, ఒళ్లు నిలుస్తుంది. దీన్నే చెక్ అంటారు. అది కుదరకపోతే గీత లోపలికి ముడుచుకుపోతుంది.

1968 వరకూ పెద్ద పోటీల్లో 60 శాతం మార్కులు ఇలా ఐస్ మీద గీసే గీతలకే ఉండేవి. 1990లో కెనడాలోని హాలిఫాక్స్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్‌తో అవి ఆగిపోయాయి. ఆ చదువు మాత్రం ఇలా టెస్టుల్లో బతికే ఉంది. అందుకు నాకు సంతోషం.

త్రీ టర్న్ పట్టుబడ్డాక ఎప్పటికో బ్రాకెట్ అనే ఇంకో మలుపు వస్తుంది. త్రీ టర్న్‌లో మొన వలయం లోపలికి ఉంటుంది, వంపు ఎటు తిరిగితే ఒళ్లూ అటే తిరుగుతుంది. బ్రాకెట్‌లో మొన బయటికి ఉంటుంది, ఒళ్లు వంపుకి ఎదురు తిరగాలి. అందుకే రింక్ గోడ పట్టుకుని నిలబెట్టి, భుజాలూ నడుమూ విడివిడిగా తిప్పడం ఒక్కటే మళ్లీ మళ్లీ చేయిస్తారు.