ఖాళీ కాన్వాస్ ముందు కూర్చున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

మొన్న మీరంతా నా గదికి వచ్చి బొమ్మలు చూసి వెళ్లేటప్పుడు, మీలో ఒక పాప అందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "బామ్మగారూ, మొదటి గీత గీసేటప్పుడు మీకు టెన్షన్ రాదా?" వస్తుందమ్మా అన్నాను. ఆ పాప నమ్మినట్టు కనిపించలేదు. నన్ను ఓదార్చడానికి అంటోందిలే అనుకున్నట్టుంది. అందుకే తీరిగ్గా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నలభై ఏళ్లకు పైగా బొమ్మలు వేస్తున్నాను. అదే నా పని, అదే నా బతుకుతెరువు. ఇప్పటికీ తెల్లటి కాన్వాస్ ఈజిల్ మీద పెట్టగానే గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మీ వయసులో ఆ దడ మొదలైతే కుంచె కింద పెట్టేసేదాన్ని. ఇప్పుడు దడ ఉండగానే మొదలుపెడతాను. ఎందుకంటే బొమ్మ ఎక్కడ చెడినా దాన్ని ఎలా దిద్దుకోవాలో చాలావరకు నాకు తెలుసు. ధైర్యం అంటే నాకు అర్థమైంది ఇదే. అది ఒకరు ఇస్తే వచ్చేది కాదు. చెడగొట్టి, దిద్దుకుని, మళ్లీ చెడగొట్టి సంపాదించుకోవాలి. నాకు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒక కుర్చీ సంగతి చెప్పాలి.

ఒక దశలో నాకు ఏం వేయాలో తోచేది కాదు. ఆర్డర్ పనులు ఉండేవి. ఎవరో తమ నాన్నగారి ముఖచిత్రం అడిగేవారు, ఎవరో పుస్తకానికి బొమ్మలు అడిగేవారు. అవి చేసి ఇచ్చేదాన్ని. సొంతంగా ఏదైనా వేద్దామని కూర్చుంటే మాత్రం బుర్ర ఖాళీ. గొప్ప ఆలోచన వస్తేగానీ మొదలుపెట్టకూడదని ఒక మొండి నమ్మకం ఉండేది. అలా దాదాపు ఏడాది పోయింది. ఒకరోజు విసుగొచ్చి, కిటికీ పక్కనున్న పాత చెక్క కుర్చీని వేయడం మొదలుపెట్టాను. కుర్చీయే ఎందుకంటే, అది ఎదురుగా ఉంది, కదలదు, అంతే. దాని ఒక చేతి మీద పాలిష్ పోయి చెక్క వెలిసిపోయింది. కూర్చునేచోట పేము అల్లిక ఒక మూల తెగి కిందికి వేలాడుతోంది.

మొదటి బొమ్మలో కుర్చీ బాగానే కుదిరింది. దాని నీడే కుదరలేదు. నీడ కదా అని నల్లరంగు తీసుకుని నేల మీద పూశాను. నేలకు కన్నం పడ్డట్టు కనిపించింది. పలచన చేసి పూస్తే మసిబట్టతో తుడిచినట్టు కనిపించింది. కుంచె కడిగి పక్కన పెట్టేసి, పీట వేసుకుని ఆ నీడ దగ్గరే కూర్చున్నాను. ఊరికే చూస్తూ కూర్చున్నానంతే. పావుగంట అయ్యేసరికి ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. కుర్చీ కాలు నేలకు ఆనినచోట నీడ చిక్కగా, అంచు కత్తితో కోసినట్టుగా ఉంది. కాలి నుంచి దూరం వెళ్లేకొద్దీ ఆ అంచు మెత్తబడి, నీడ కూడా పలచబడింది. కిటికీ వైపున్న భాగంలో లేత నీలం జాడ ఉంది, అది ఆకాశం నుంచి వచ్చింది. కుర్చీ అడుగున మాత్రం, చెక్కకు తగిలి కిందికి పడ్డ వెలుగు వల్ల, ఎర్రమట్టి లాంటి వెచ్చదనం. ఇంతసేపు చూసినా నలుపు మాత్రం ఎక్కడా లేదు.

అప్పుడు అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపాను. ఈ రెండూ కలిస్తే దాదాపు నలుపంత చిక్కటి రంగు వస్తుంది. నీలం పాలు పెంచితే చల్లబడుతుంది, గోధుమ పాలు పెంచితే వెచ్చబడుతుంది. ఒకే నీడలో ఇటు కొస చల్లగా, అటు కొస వెచ్చగా వేసుకోవచ్చు. ఆ చిన్న నీడకు రెండు రోజులు పట్టింది. రెండో బొమ్మలో అది నేల మీద హాయిగా పడుకుంది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం తర్వాత పెద్ద పెద్ద పనులు పూర్తిచేసినప్పుడు కూడా కలగలేదు.

రంగుల సంగతి వచ్చింది కాబట్టి నాకెంతో ఇష్టమైన ఒక విషయం చెబుతాను. 1824లో మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబెలిన్స్ అనే నేత కర్మాగారంలో అద్దకం పనులకు అధికారిగా చేరాడు. అక్కడ అద్దిన నల్లరంగు సరిగా నల్లగా ఉండటం లేదని ఫిర్యాదులు వచ్చేవి. ఆయన అద్దకాన్ని పరీక్షించి చూస్తే అందులో ఏ లోపమూ కనిపించలేదు. ఆ నల్లదారాలను నీలం, ఊదా దారాల పక్కన నేస్తున్నారు. ఆ పొరుగు రంగుల వల్లే నలుపు వెలవెలబోతోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. మీరూ చేసి చూడండి. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకటి ఎర్ర అట్ట మీద, ఇంకొకటి ఆకుపచ్చ అట్ట మీద పెట్టండి. కాసేపు చూస్తే ఎరుపు మీది ముక్కలో పచ్చదనం, పచ్చ మీది ముక్కలో ఎర్రదనం కనిపిస్తుంది. రెండూ ఒకే కాగితంలోవే అని తెలిసినా కన్ను ఒప్పుకోదు.

ఇది తెలిశాక నా పని తీరే మారింది. కుర్చీ చెక్కరంగు ఎంత దిద్దినా జీవం రాకపోతే, చెక్కను వదిలేసి వెనక గోడలో కొంచెం నీలం కలిపాను. చెక్క దానంతటదే వెచ్చబడింది. ఒక రంగు తప్పుగా అనిపిస్తే దాని పొరుగును కూడా ఒకసారి చూడండి.

ఆ కుర్చీని నేను మొత్తం ముప్పై ఒక్కసార్లు వేశాను. పొద్దుటి ఎండలో, మబ్బుపట్టిన రోజున, రాత్రి దీపం వెలుగులో. ఒకసారి దాని మీద తడి తువ్వాలు వేసి ఉండగా, ఒకసారి వెలిసిన ఆ చేతిని మాత్రమే. ఏడో బొమ్మ దగ్గర విసుగొచ్చిన మాట నిజం. పదో బొమ్మ దాటాక మాత్రం ఒకటి పూర్తి కాకముందే ఇంకొకటి తోచడం మొదలైంది. ఏడాదిపాటు ఎదురుచూస్తే రాని ఆలోచనలు, చేతిలో పని ఉంటే వాటంతటవే వచ్చాయి.

క్లోడ్ మోనే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు కూడా 1890, 91లలో తన ఇంటి దగ్గరి పొలంలో ఉన్న గోధుమ కుప్పలనే పాతిక దాకా కాన్వాసుల మీద వేశాడు. ఎండ మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకొకటి అందుకునేవాడు. మర్నాడు మళ్లీ ఆ వెలుగే వచ్చినప్పుడు మొదటిది బయటికి తీసేవాడు. 1891లో వాటిలో 15 బొమ్మలను పారిస్‌లో ఒకేచోట ప్రదర్శించారు. కుప్పలు అవే, మంచు, ఎండ, సాయంత్రం మాత్రం వేరు. వాటి అచ్చుబొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఆయన వేసింది వెలుగునని మీకే తెలుస్తుంది.

ఇక గోడ బొమ్మ. ఒకసారి పిల్లల గ్రంథాలయంలో 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న గోడ మీద అడవి వేయమని నన్ను అడిగారు. అప్పటిదాకా నా చేయి చాచినంత మేరకు మించి పెద్ద బొమ్మ నేను వేయలేదు. సరేనని ఒప్పుకుని ఇంటికొచ్చాక రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు కాగితం మీద 12 అంగుళాలు, 8 అంగుళాల కొలతలో చిన్న బొమ్మ వేసుకుని, దాన్ని అంగుళం గళ్లుగా విభజించాను. గోడ మీద సుద్దతో అడుగు గళ్లు గీశాను. మొత్తం 96 గళ్లు. కాగితం మీద ఒక గడిలో ఏముందో, గోడ మీది అదే గడిలో అది వేయాలి. పెద్ద బొమ్మలు వేసేవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. 96 చదరపు అడుగుల గోడంటే భయం వేసింది గానీ, ఒక్క గడంటే ఎవరికి భయం? రోజుకు ఏడెనిమిది గళ్లు వేసుకుంటూ పోయాను.

అక్కడా పొరపాటు చేశాను. ఏనుగు కన్ను వేస్తున్నప్పుడు నిచ్చెన మీదే ఉండి, ఆ ఒక్క గడినే చూస్తూ, గంటసేపు ముచ్చటగా తీర్చిదిద్దాను. కింద నిలబడి చూస్తున్న ఒక చిన్న పిల్లాడు "ఏనుగుకు నిద్రొస్తోంది" అన్నాడు. దిగి, గది చివరికి వెళ్లి చూశాను. వాడి మాట అక్షరాలా నిజం. పై రెప్ప బరువుగా కిందికి దిగిపోయింది. దగ్గరి నుంచి అందంగా కనిపించిన రెప్ప దూరం నుంచి కునుకుపాటులా ఉంది. మళ్లీ నిచ్చెనెక్కి, ఆ రెప్పను బొటనవేలి మందం పైకి జరిపాను. అప్పటి నుంచి గోడ దగ్గర పది నిమిషాలు పనిచేస్తే, దిగి వెళ్లి దూరం నుంచి ఒకసారి చూసేదాన్ని. కాళ్లు నొప్పి పుట్టేవి, అయినా మానలేదు. గోడకు అక్రిలిక్ రంగులు వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అవి తడిగా ఉన్నప్పుడు కొంచెం లేతగా కనిపించి, ఆరాక ముదురుతాయి. వాటర్ కలర్ దీనికి విరుద్ధంగా, ఆరాక లేతబడుతుంది. నిన్న వేసిన ఆకు పక్కన ఇవాళ ఆకు వేయాలంటే, కలిపిన రంగును ముందు ఒక చిత్తుకాగితం మీద ఆరనిచ్చి చూసుకోవాలి.

ప్రతి బొమ్మకూ మధ్యలో ఒక దశ వస్తుంది. సగం రంగు పడి, సగం పెన్సిల్ గీతలు కనిపిస్తూ, ఏదీ తేలకుండా అసహ్యంగా ఉంటుంది. మీలో చాలామంది బొమ్మను చించేసేది అక్కడే. దయచేసి చించకండి. నాకు ఇప్పటికీ ప్రతి బొమ్మా ఆ వికారమైన మలుపు దాటాకే కుదురుతుంది. ఆ సమయంలో నేను రెండు పనులు చేస్తాను. మొదటిది, కళ్లు సగం మూసి చూడటం. అప్పుడు చిన్న చిన్న వివరాలు చెరిగిపోయి వెలుగు, చీకటి ఎక్కడెక్కడ ఉన్నాయో మాత్రమే కనిపిస్తుంది. రెండోది, బొమ్మను అద్దంలో చూడటం. లియొనార్డో డావిన్చీ తన నోటు పుస్తకాల్లో చిత్రకారులకు ఇదే సలహా ఇచ్చాడు. గంటలకొద్దీ చూసి అలవాటుపడిన కంటికి కనపడని వంకరలు అద్దంలో చటుక్కున బయటపడతాయి. ముఖచిత్రాల్లో ఒక కన్ను పైకి పోవడం నేను ఎన్నిసార్లు అద్దంలోనే పట్టుకున్నానో!

ఫోన్లో వచ్చే వీడియోల గురించి కూడా ఒక మాట. అరనిమిషంలో ఒక చేయి చకచకా బొమ్మ పూర్తిచేసేస్తుంది. అది చూసి మీ చేయి మొద్దుదని అనుకోకండి. గంటల పనిని కుదించి చూపిస్తారు. చెరిపేసినవి, తుడిచేసినవి, తల పట్టుకుని కూర్చున్నవి అందులో ఉండవు.

విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని తీర్మానించుకున్నది 1880లో, అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. 1884, 85 చలికాలంలో పల్లెటూరి రైతుల తలలను వరసపెట్టి వేశాడు, దాదాపు 40 దాకా. ఆ సాధన అంతా అయ్యాక, 1885లో ఒక దీపం కింద కూర్చుని బంగాళాదుంపలు తింటున్న కుటుంబాన్ని వేశాడు. తోటి చిత్రకారుడైన స్నేహితుడు దాన్ని చాలా కఠినంగా విమర్శించాడు. ఆ దెబ్బకు స్నేహమే తెగిపోయింది. విన్సెంట్ బాధపడ్డాడు గానీ తన బొమ్మ మీద నమ్మకం వదులుకోలేదు. రెండేళ్ల తర్వాత చెల్లెలికి రాసిన ఉత్తరంలో, తాను వేసిన వాటిలో అదే అన్నింటికన్నా మంచిదని రాశాడు. ఆ నమ్మకం వెనక ఆ 40 తలలూ ఉన్నాయని నాకనిపిస్తుంది. ఒక ముక్కును, ఒక చెంప ఎముకను అన్నిసార్లు వేసిన మనిషికి, తాను ఏం చేశాడో ఎందుకు చేశాడో తెలుస్తుంది. అప్పుడు ఎదుటివాళ్ల మాటలో ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో కూడా తెలుస్తుంది. ఏనుగుకు నిద్రొస్తోందన్న ఆ పిల్లాడి మాట నేను తీసుకున్నాను. గోడ పూర్తయ్యాక ఒక పెద్దాయన అడవిలో ఇంత నీలం ఎందుకన్నారు. ఆయన మాట వినయంగా విని వదిలేశాను. చెట్ల కింది నీడలు నీలంగా ఉంటాయని కుర్చీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను కదా.

ఆ టెన్షన్ సంగతి అడిగిన పాపకు ఇంకో మాట. నీ స్కెచ్‌బుక్ మొదటి పేజీ పాడవుతుందని భయంగా ఉందన్నావు. నేను నా పుస్తకాల మొదటి పేజీలో బొమ్మ వేయను. రంగులు కలిపి చూసుకుంటాను, కుంచెలు తుడుస్తాను, కాఫీ మరక పడినా పట్టించుకోను. రెండో పేజీకి వచ్చేసరికి అది పూజలో పెట్టే పుస్తకంలా కాకుండా పనిచేసుకునే పుస్తకంలా ఉంటుంది. నువ్వూ అలాగే చేసి చూడు. తర్వాత ఇంట్లో ఏ వస్తువు ముందైనా కూర్చో. చెప్పు, గొడుగు, నీళ్ల చెంబు, ఏదైనా సరే. పది బొమ్మలు అయ్యాక పదింటినీ తీసుకుని నా దగ్గరికి రా. బాగా వచ్చినవి ఏరి తేవద్దు, పదీ తీసుకురా. నా మొదటి కుర్చీ, ఆ కన్నం లాంటి నీడతో సహా, ఇంకా నా దగ్గరే ఉంది. పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

పేము అల్లిక మొన్ననే మళ్లీ తెగింది. దాన్ని బాగుచేయించకముందే ముప్పై రెండో బొమ్మ మొదలుపెట్టాను. ఎండ ఇప్పుడే కుర్చీ చేతి మీదికి వచ్చింది, ఇంకో అరగంటకు మించి ఉండదు. ఉంటాను.

ప్రేమతో,
మీ బొమ్మల బామ్మ