రాయి కోసిన నీళ్లను మళ్లీ వాడటం: అపోహలు - వాస్తవాలు

చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ ఫ్యాక్టరీలైనా, బేతంచర్ల, తాడిపత్రి నాపరాయి పాలిష్ యూనిట్లయినా బ్లేడు కింద నుంచి వచ్చేవి పాలలాంటి నీళ్లే. 20 మి.మీ. స్లాబు తీయడానికి బ్లేడు గాటు 7 మి.మీ. పోతే, బ్లాకులో నాలుగో వంతుకు పైగా పొడై ఆ నీళ్లలో కలిసినట్టు. వీటిని తేటపరిచి తిప్పి వాడటం గురించి షెడ్లలో వినిపించే మాటల్లో సగం తప్పు.

అపోహ: బురద దిగే గుంత ఎంత లోతు తవ్వితే నీళ్లు అంత తేటపడతాయి.

లోతు పనికొచ్చేది బురద నిల్వకు. నీళ్లు తేటపడేది గుంత పైవైశాల్యాన్ని బట్టి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) రాతి రేణువు కదలని నీళ్లలో గంటకు సుమారు 33 సెం.మీ. దిగుతుంది. గంటకు 10,000 లీటర్లు వచ్చే చోట 30 చదరపు మీటర్ల గుంత ఉంటే ఆ రేణువు ఎలాగోలా అడుగుకు చేరుతుంది. 2 మైక్రాన్ల రేణువు గంటకు 1.3 సెం.మీ. మాత్రమే దిగుతుంది. దాన్ని పట్టాలంటే అదే నీళ్లకు 750 చదరపు మీటర్లు కావాలి, అంటే పద్దెనిమిదిన్నర సెంట్ల నేల! నీళ్లను తెల్లగా ఉంచేది ఈ సన్నపొడే. ఎంత లోతు తవ్వినా ఇది లొంగదు.

ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. పైపు నీళ్లు గుంతలోకి ఎత్తు నుంచి దూకుతుంటాయి, మోటారు ఫుట్‌వాల్వు (నీళ్లు పీల్చే పైపు చివరి వాల్వు) ఆ పక్కనే వేలాడుతుంటుంది. నీళ్లు ఒక చివర అడ్డుగోడ వెనక నెమ్మదిగా దిగాలి, రెండో చివర గట్టు మీదుగా పలచగా పొర్లి పక్క గదిలోకి పోవాలి. మోటారు ఆ చివరి గదిలో ఉండాలి.

అపోహ: సన్నపొడిని ముద్దలు కట్టించే పాలిమర్ మందు ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

ఎక్కువైతే నీళ్లు జిగటవుతాయి, ఫిల్టర్ ప్రెస్ (బురదను పిండి నీళ్లు తీసే యంత్రం) గుడ్డ మూసుకుపోతుంది, పిండగా మిగిలిన కేకు ప్లేటును వదలదు. రాతి బురదకు సాధారణంగా యానయానిక్ (రుణావేశం ఉన్న) పాలీయాక్రిలమైడ్ అనే పాలిమర్ పొడి వాడతారు. 1,000 లీటర్ల మంచినీళ్లకు కిలో పొడి చాలు. స్టిర్రర్ నిదానంగా తిరుగుతుండగా పొడిని ఉప్పు చల్లినట్టు చల్లాలి. గుప్పెడు ఒక్కసారే పడేస్తే పైన జిగురు పట్టి లోపల పొడి పొడిగానే ఉండే ఉండలు కడతాయి, అవి ఎంత తిప్పినా కరగవు. గంటసేపు నాననిచ్చి వాడాలి. ఏ రోజుది ఆ రోజు కలుపుకోవడమే మేలు.

మోతాదు తేల్చడానికి ఒక్కో లీటరు పట్టే సీసాలు ఐదు చాలు. కట్టర్ కింది నీళ్లు అప్పటికప్పుడు పట్టి, ఈ ద్రావణం సిరంజితో ఒకదాంట్లో 1 మి.లీ., తర్వాతి దాంట్లో 2, ఇలా 5 దాకా వేసి, మూత పెట్టి ఐదారుసార్లు మెల్లగా తలకిందులు చేయండి. విరిగిన పాలలా ముద్దలు కట్టి, నిమిషంలో పైనంతా తేటపడే సీసాల్లో అతి తక్కువ వేసినదే మీ మోతాదు. అది 3 మి.లీ. అయితే వెయ్యి లీటర్లకు 3 గ్రాముల పొడి. గంటకు 10,000 లీటర్ల యూనిట్లో 30 గ్రాములు. రాయి మారితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

మందును పంపుకు ముందు కలపకండి. కట్టిన ముద్దలను పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ చిదిపేస్తుంది.

అపోహ: తిప్పిన నీళ్లతో పాలిష్ పాడవుతుంది.

గీతలు పడేది నీళ్లతో కొట్టుకొచ్చే ముతక రేణువు వల్ల. ముతక 60 నంబరు సాన రాయి గరుకు ఒక్కటి నున్నటి 3000 నంబరు పాలిష్ హెడ్ కిందికి వచ్చిందా, ఆ స్లాబు మళ్లీ మొదటికి. కోతకు కొంచెం మసక నీళ్లయినా పర్వాలేదు. చివరి రెండు మూడు హెడ్లకు, ఆఖరి కడుగుడుకు మాత్రం బోరు నీళ్లు వేరే లైన్లో ఇవ్వాలి. నల్ల రాయి మీద ఆరాక కనిపించే తెల్లపొర చాలావరకు ఉప్పు. నీళ్లు ఆవిరైనా ఉప్పు సైకిల్లోనే మిగిలిపోతుంది కదా. టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) వారానికోసారి చూసి, బోరు నీళ్లకు రెట్టింపు దాటితే కొంత తీసి కొత్తవి కలపడం మంచి అలవాటు.

అపోహ: ఒకసారి ట్యాంకు నింపితే ఇక కొత్త నీళ్లు అక్కర్లేదు.

ఆవిరి, తడి స్లాబుల సంగతి అటుంచితే పెద్ద నష్టం బురదలోనే. సగం నీళ్లున్న గుంత బురదను ఎత్తి పోస్తే, టన్ను రాతిపొడితో పాటు 1,000 లీటర్ల నీళ్లు పోతాయి. ఫిల్టర్ ప్రెస్‌లో 25 శాతం తేమకు పిండితే పోయేది 333 లీటర్లే. ట్యాంకర్ నీళ్లు కొనే ఎండాకాలంలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

అపోహ: బురద మట్టే కదా, చేలో పోసినా ఏమీ కాదు.

ఆ సన్నపొడి నేల రంధ్రాలను మూసి పైన పెచ్చు కడుతుంది, వాన నీళ్లు ఇంకవు. క్వార్ట్జ్ ఉన్న గ్రానైట్ పొడి ఆరి గాలికి లేస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ప్రమాదం. (గ్రానైట్ పేరుతో అమ్మే చీమకుర్తి గెలాక్సీ నిజానికి గ్యాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ నామమాత్రం. కానీ అదే షెడ్లో వేరే రాళ్లూ కోస్తారు.)

అన్ని బురదలూ ఒకే గుట్టలో పోస్తే దేనికీ పనికిరావు. గ్యాంగ్‌సా (చాలా బ్లేడ్లతో ఒకేసారి కోసే రంపం) బురదలో ఇనుప షాట్ (కోతకు వేసే ఇనుప గుళ్లు), సున్నం ఉంటాయి. అది ఇటుకల్లో కలిస్తే తుప్పు మరకలు తేలతాయి, చేతులకు తగిలితే చర్మం మండుతుంది. నాపరాయి బురద ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, సిమెంటు ముడిసరుకుగా పనికొచ్చే అవకాశం ఉంది. ఏది ఏదో అనుమానంగా ఉంటే చెంచాడు ఆరిన పొడి మీద రెండు చుక్కల పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేయండి. నాపరాయిదైతే బుసబుస పొంగుతుంది. గ్రానైట్‌ది కదలదు, గ్యాంగ్‌సా సున్నం కలిసినదైతే తప్ప.