పికప్‌కు కమాన్ కట్ట వేయించే ముందు

తాడిపత్రి నుంచి పాలిష్ బండలు తోలే పికప్‌కు, కక్కలపల్లి మార్కెట్‌కు టమోటా తోలే పికప్‌కు మోడల్ ఒకటే అయినా కమాన్ కట్ట, అంటే వెనక బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగు, ఒకటే సరిపోదు. రెండడుగుల చదరం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న నాపరాయి బండ సుమారు 20 కిలోలు తూగుతుంది. అలాంటివి 60 ఎత్తితే 1,200 కిలోలు. తొట్టి సగం కూడా నిండదు, బరువంతా అడుగునే ఉంటుంది. అదే బరువు 15 కిలోల టమోటా బాక్సుల్లో పోవాలంటే 80 బాక్సులు ఎత్తుగా పేర్చాలి. మలుపులో బండి ఒరుగుతుంది, కట్ట మరీ బిగువైతే అడుగు వరస కాయ చితుకుతుంది.

బండి వెనక కుంగుతోందంటే చాలామంది ఇంకో పట్టీ వేయించి ఊరుకుంటారు. పట్టీల సంఖ్య కంటే మందం, పొడవు ఎంత ఎక్కువ పని చేస్తాయో తెలిస్తే అలా తొందరపడరు. కట్ట బిగువు పట్టీల సంఖ్యతో, వెడల్పుతో అదే వంతున పెరుగుతుంది. మందంతో మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది, పొడవుతో ఘనం లెక్కన తగ్గుతుంది. కన్ను (పట్టీ చివర చుట్టిన రంధ్రం) నుంచి కన్నుకు 1,200 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 8 మందం ఉన్న ఆరు పట్టీల కట్టను సెంటీమీటరు కుంగదీయాలంటే సుమారు 60 కిలోలు కావాలి. ఏడో పట్టీ వేస్తే అది 70 అవుతుంది. ఆరు పట్టీలనే 10 మిల్లీమీటర్ల మందంలో వేస్తే దాదాపు 117. కట్టను హౌసింగ్‌కు (వెనక ఇరుసు గొట్టానికి) పట్టి ఉంచే యు బోల్టుల కింద బిగిసిన భాగం వంగదు కాబట్టి బండి మీద ఈ అంకెలు ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి.

ఇంత బిగువు అవసరమా అన్నది కాటా చెబుతుంది. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి, ఖాళీగా ఒకసారి, నిండు లోడుతో ఒకసారి తూకం వేయించండి. హౌసింగ్, చక్రాల బరువు కట్టల మీద పడదు, దాన్ని తీసేసి మిగిలింది రెండుతో భాగించండి. ఒక్కో కట్ట మీద ఖాళీగా 250, లోడుతో 750 కిలోలు పడుతున్నాయనుకుందాం. 60 కిలోల కట్ట (సెంటీమీటరు కుంగడానికి 60 కిలోలు కావాల్సింది) ఖాళీ స్థితి నుంచి ఇంకో 8.3 సెంటీమీటర్లు దిగుతుంది. హౌసింగ్‌కూ పైనున్న రబ్బరు స్టాపుకూ మధ్య బండి ఖాళీగా ఉన్నప్పుడు 12 సెంటీమీటర్ల సందు ఉంటే, లోడుతో 4 కూడా మిగలదు. ప్రతి గుంతలోనూ స్టాపుకు కొట్టుకుంటుంది.

అలాగని 117 కిలోల కట్ట వేస్తే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. కట్ట బరువుకు ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో దాని వర్గమూలంతో 5ను భాగిస్తే, బండి సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందో వస్తుంది. 60 కిలోల కట్టతో ఖాళీ బండికి అది 2.4, 117 కిలోల కట్టతో 3.4. మనిషి ఒళ్లు ఎక్కువగా బాధపడేది 4 నుంచి 8 మధ్య ఊపుకు. ఆ దగ్గరికి పోయేకొద్దీ డ్రైవరు నడుముకూ చేటు, గతుకుల్లో చక్రం నేల వదిలేస్తుంది కాబట్టి బ్రేకుకూ చేటు.

అందుకే రెండు దశల కట్టే మేలైన దారి. మామూలు కట్ట 4 సెంటీమీటర్లు దిగాక మరో 60 కిలోల బిగువున్న హెల్పర్ (తోడు కట్ట) అందుకునేలా పెట్టిస్తే, అదే లోడుకు మొత్తం కుంగుడు 6.2 సెంటీమీటర్లే. స్టాపు దగ్గర 5.8 మిగులుతుంది, ఖాళీ బండి మెత్తదనం చెడదు. ఎత్తుగా పేర్చే టమోటా బండి ఒరుగుడు కూడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దీన్ని గ్యారేజీల్లో పట్టించుకునేవాళ్లు తక్కువ. చాలా పికప్పుల్లో వెనక హౌసింగ్‌కు సన్నటి కడ్డీతో తగిలించిన బ్రేకు వాల్వు ఉంటుంది. ఛాసిస్ ఎంత కిందికి దిగిందో చూసి వెనక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. గట్టి పట్టీలతో వెనక భాగం ఎత్తుగా నిలబడితే, నిండు లోడులోనూ బండి ఖాళీగా ఉందన్నట్టే ఆ వాల్వు ఒత్తిడి తగ్గించేస్తుంది. కట్ట మార్చిన రోజే వాల్వు కడ్డీ సెట్టింగ్ కూడా చూపించాలి. ఇంకో మాట, కట్ట ఎంత గట్టిపడినా ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. హౌసింగ్, బేరింగులు, టైర్లు పాతవే కదా.

విరిగిన పట్టీని పారేయకముందు ఆ ముక్క చూడండి. విరిగిన చోట ఒక మూల అర్ధచంద్రాకారంలో నల్లగా తుప్పు, మిగతాదంతా తెల్లగా మెరుస్తుంటే, పగులు చాలాకాలంగా పాకుతూ వచ్చిందన్నమాట. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర తెగితే ముందు అనుమానించాల్సింది వదులైన యు బోల్టులనే. బోల్టులు బిగువుగా ఉన్నప్పుడు వంగని ఆ నడిమి భాగం, వదులైతే వంగడం మొదలవుతుంది, రంధ్రం అంచున పగులు పుడుతుంది. యు బోల్టుల ప్లేటు అంచు దగ్గర తెగితే బరువు ఎక్కువైందని, కన్ను దగ్గర తెగితే కన్నులోని బుష్షో, కన్నును ఛాసిస్‌కు తగిలించే షాకిలో పట్టేసిందని చూసుకోవాలి.

తెగిన పట్టీకి వెల్డింగ్ వద్దు. ఆ ఉక్కును సుమారు 850 డిగ్రీల నుంచి నూనెలో చల్లార్చి, మళ్లీ వేడిచేసి టెంపర్ చేస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గుణం పోతుంది. బొగ్గుల కొలిమిలో కాల్చి వంపు తిప్పించినా అంతే, కొన్నాళ్లకే మళ్లీ చదునవుతుంది. పట్టీల మధ్య వాడిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు కూడా మానాలి. మన దుమ్ముతో కలిసి అది పట్టీలను అరగదీస్తుంది, రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది.

బిగించేటప్పుడు యు బోల్టులు, నట్లు కొత్తవే వేయించండి, పాతవి ఒకసారి సాగి ఉంటాయి. నాలుగు నట్లూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. రబ్బరు బుష్షులుంటే షాకిల్ బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి చిరిగిపోతుంది. లోడు పడ్డప్పుడు కట్ట సాగి పొడవవుతుంది, కాబట్టి షాకిల్ వెనక్కి జరగడానికి చోటుండాలి. తర్వాత ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు వైపులా టేపు పట్టి చూడండి. కొలత తేడా వస్తే హౌసింగ్ సెంటర్ బోల్టు తల మీద సరిగా కూర్చోలేదు, విప్పి మళ్లీ పెట్టించాల్సిందే. మొదటి లోడు దించాక ఒకసారి, 500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి యు బోల్టులు బిగించాలి. కొత్త పట్టీల పెయింటు నలిగి, బిగింపు వదులయ్యేది ఆలోపే.