పిల్లలున్న ఇంట్లో టరాంటులా

టరాంటులా అనే పెద్ద సాలీడుని పెంచుకుందాం అని పిల్లలు అడగ్గానే పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "కరిస్తే?" అని. ఆ భయం సహజమే. కానీ దాని కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. ఇంట్లో పిల్లలుంటే ఎక్కువ ప్రమాదం సాలీడుకే.

ఎందుకంటే సాలీడు కాళ్ళలో ముడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన కీళ్ళ దగ్గర చాచడానికి లేవు. ఒంట్లో ఉన్న రక్తాన్నే ఒత్తిడితో కాళ్ళలోకి తోసి వాటిని చాస్తుంది (చచ్చిన సాలీడు కాళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉండేది అందుకే, ఒత్తిడి పోయింది కాబట్టి). ఇక దాని పొట్ట పలచటి తోలుతిత్తి. పిల్లల చేతిలోంచి జారి నేల మీద పడితే అది పగలొచ్చు, రక్తం కారిపోతే సాలీడు కదలను కూడా లేదు. అందుకే మా ఇంట్లో చేత్తో పట్టుకోవడం లేదు, మా అమ్మాయికీ లేదు, చూడటానికొచ్చిన చుట్టాలకీ లేదు. నేల మీద తిరిగే రకాలకి పెట్టె ఎత్తు తక్కువగా, మట్టి లోతుగా ఉండాలి. పొడుగాటి పట్టకారుతో కీచురాయినో బొద్దింకనో వెయ్యాలి, చిన్న గిన్నెలో నీళ్ళుండాలి. రోజూ చెయ్యాల్సిన పని దాదాపు ఇంతే.

మనవైపు జాగ్రత్త కావాల్సింది కళ్ళకి. అమెరికా ఖండాల టరాంటులాలు చాలావాటికి పొట్ట మీద దూలగొండి నూగులాంటి వెంట్రుకలుంటాయి, బెదిరితే వెనక కాళ్ళతో వాటిని గాల్లోకి దులుపుతాయి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒకాయన తన చిలీ రోజ్ టరాంటులా పెట్టె తుడుస్తుంటే అది అలాగే దులిపింది, ఆయన కంటి నల్లగుడ్డు పైపొరలో ఆ వెంట్రుకలు గుచ్చుకుపోయాయి. డాక్టర్లు ఆ కేసుని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పెట్టె శుభ్రం చేసే పని పెద్దవాళ్ళే కళ్ళకి రక్షణగా అద్దాలు పెట్టుకుని చెయ్యాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పిల్లలకి దీన్ని చూపించాలనిపించే అసలు కారణం మాత్రం కుబుసం. కొన్ని వారాల ముందే తిండి మానేస్తుంది, ఉన్నట్టుండి ఒకరోజు వెల్లకిలా పడుకుంటుంది. తెలియనివాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. అప్పుడు కదిలించకూడదు, పెట్టెలో కీచురాయి మిగిలి ఉంటే తీసెయ్యాలి, మెత్తగా ఉన్న సాలీడుని అది కొరికి చంపగలదు. గంటల తరబడి కాళ్ళు ఒక్కొక్కటీ పాత తొడుగులోంచి లాక్కుంటూ బయటికొస్తుంది. కోరల తొడుగులు, కడుపు లోపలి పొర కూడా ఆ కుబుసంతో వచ్చేస్తాయి. అంతకుముందు ఊడిపోయిన కాలు ఉంటే దాని చోట చిన్న కాలు మొలిచి కనిపిస్తుంది! కొత్త కోరలు మొదట తెల్లగా ఉండి రోజులు గడిచేకొద్దీ నల్లబడి గట్టిపడతాయి, అప్పటిదాకా మేత వెయ్యకూడదు. విడిచిన తోలుని సబ్బు నీళ్ళలో నానబెట్టి, పొట్ట భాగాన్ని జాగ్రత్తగా విప్పి భూతద్దంతో చూస్తే ఆడదో మగదో తెలుసుకోవచ్చు. ఆడదానికి అక్కడ వీర్యం దాచుకునే చిన్న సంచి ఉంటుంది. ఇంతకంటే మంచి జీవశాస్త్ర పాఠం ఇంట్లో దొరుకుతుందని నేననుకోను.

ఆడో మగో తెలియడం ముఖ్యం కూడా. మెక్సికన్ రెడ్ నీ లాంటి రకాల్లో ఆడవి ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి, మగవి పెద్దయ్యాక ఎక్కువ కాలం ఉండవు. పిల్ల కాలేజీకి వెళ్ళిపోయాక కూడా దాన్ని చూసుకోవాల్సింది అమ్మానాన్నలే, కొనే ముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి.

మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడ ఈ సరదా ఉన్నవాళ్ళలో చాలామందికి "గూటీ" అన్న పేరు తెలుసు, మన అనంతపురం జిల్లా గుత్తి అది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వర్ణించిన నీలి సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. తర్వాత వందేళ్ళకి పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, కట్టెల కోసం ఆ చెట్లు కొట్టేస్తే దానికి వేరే చోటు లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లోనే దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల్లో చేర్చింది. ఆ నీలం రంగు పూతది కాదు, వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణాలు వెలుగుని వెనక్కి తిప్పే పద్ధతి వల్ల వచ్చేది. టరాంటులాల్లో నీలం కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. ప్రపంచమంతా పెట్టెల్లో పెంచుకుంటున్న ఈ సాలీడు గురించి మన ఊళ్ళలో ఎంతోమందికి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

మా అమ్మాయి అడిగింది కూడా దాన్నే. ఇప్పుడు వద్దన్నాను. మన దేశపు రకాలకి ఆ దురద వెంట్రుకలుండవు కానీ పరుగు చాలా వేగం, గుత్తి సాలీడు, దాని దగ్గరి బంధువులు కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. మొదటిసారి పెంచేవాళ్ళకి నెమ్మదిగా కదిలే రెడ్ నీ నయం. ఏది కొన్నా పెట్టెల్లోనే పుట్టి పెరిగిన సాలీడు పిల్లనే కొనాలి, అమ్మేవాళ్ళని ఆ మాట సూటిగా అడగాలి, జవాబు నసిగితే వెనక్కి వచ్చెయ్యాలి. గుత్తి సాలీడు, దాని దగ్గరి బంధువులు ఉండే ప్రజాతి మొత్తం 2019 నుంచి, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, దేశం దాటించాలంటే అనుమతి పత్రాలుండాలి. నల్లమల వైపు ఉన్నవాళ్ళు ఎవరికైనా ఇది కనబడితే ఫోటో తీసుకుని, చెట్టునీ దాన్నీ అలాగే వదిలెయ్యండి.