"చేత్తో తిప్పితే తిరుగుతోంది కదన్నా!" - పాత స్పోర్ట్స్ కారు ఇంజన్ కొనేముందు

నెలకు ఒకసారైనా ఇలాంటి ఫోను వస్తుంది. "అన్నా, మద్రాసు పుదుపేట పాత సామాన్ల బజారులో ఎంజీ ఇంజన్ ఒకటి దొరికింది. చేత్తో తిప్పితే తిరుగుతోంది. సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్లు ఎత్తుకుపోతారంట. కొనేయమంటావా?"

తిరుపతిలో మాది బోరింగ్ షెడ్డు, అంటే ఇంజన్లో అరిగిన సిలిండర్ల లోపలి గోడను చెక్కి సైజు పెంచే చోటు. ఇక్కడికి ఎక్కువగా వచ్చేవి అంబాసిడర్లు, పద్మినీలు, కాంటెస్సాలే. వాటి మధ్య ఏడాదికి నాలుగైదు ఎంజీలు, ట్రయంఫులు (పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కార్లు) కూడా వస్తాయి. తెచ్చేవాళ్లలో సగం మంది ఇంజన్ ముందు కొనేసి, సలహా తర్వాత అడుగుతారు.

అపోహ: తిరిగే ఇంజన్ మంచి ఇంజన్. బోరు కొట్టి, రింగులు, బేరింగులు మార్చేస్తే కొత్తదైపోతుంది.

వాస్తవం: ప్లగ్గులు తీసేసి కాస్త ఆయిల్ పోస్తే, అన్నిటికంటే సులువుగా తిరిగేది పూర్తిగా అరిగిపోయిన ఇంజనే. పట్టుకోవడానికి లోపల ఏమీ మిగల్లేదు మరి. వానకు తడిసి రింగులు పట్టేసినా, లోపల స్టాండర్డ్ సైజులో ఉన్న ఇంజన్ నాకు దానికన్నా ఎంతో నయం. చూడాల్సింది ఇనుము ఎంత మిగిలిందన్నదే.

హెడ్ (ఇంజన్ పైమూత) తీయించండి. తీయనివ్వనంటే అక్కడే ఒక దండం పెట్టి వచ్చేయండి. పిస్టన్ మీద మసిని గుడ్డతో తుడిస్తే చాలాసార్లు అంకె కనబడుతుంది. 020, 040, 060 అని ఉంటే ఇప్పటికే అన్ని థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోరు కొట్టేశారని అర్థం. 60 దాకా వెళ్లిన బ్లాకుకు ఇంకోసారి కొట్టడానికి గోడ మిగలదు, ఇక స్లీవులే (లోపల దిగ్గొట్టే కొత్త ఇనుప గొట్టాలే) గతి. తర్వాత బోరు లోపలి నుంచి పైఅంచు వైపు గోరు పెట్టి లాగండి. రింగు అందని చోట ఇనుము అలాగే ఉంటుంది, తిరిగే చోట అరుగుతుంది. ఆ మెట్టుకు గోరు గట్టిగా తగులుకుందంటే ఇంకో సైజు ఖర్చయిపోయినట్టే. కింద ఛాంబర్ (ఆయిల్ తొట్టి) విప్పించి ఒక్క బేరింగ్ క్యాప్ తీసి షెల్ (బేరింగు రేకు) వెనక చూడండి. 010, 020, 030... క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) ఎంత గ్రైండింగ్ చేశారో ఆ అంకె చెబుతుంది. ఇదంతా అరపూట పని. దానికి బద్ధకించి లక్షలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చూడరు. మా నాన్న ఈ పనిలో చేరింది 1974లో, కొండకు రెండో ఘాట్ రోడ్డు వచ్చిన ఏడాది. కొండకు తిరిగే అంబాసిడర్ టాక్సీల్లో ముందుగా పోయేది అన్నిటికంటే వెనకుండే నాలుగో సిలిండరేనని చెప్పేవాడు. వాటర్ పంపు ముందుంటుంది, మడ్డి వెనక చేరుతుంది, అక్కడ నీళ్లు ఆడవు. పైగా రేడియేటర్లో పోసేది మన ఉప్పు బోరునీళ్లు. బిందెకే తెల్లగా గార కట్టే నీళ్లు బ్లాకును వదులుతాయా? బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాపు విప్పి సన్నటి తీగతో కెలకండి. సున్నం లాంటి గట్టి పెళ్లలు రాలితే ఆలోచించుకోవాల్సిందే.

రెండేళ్ల కిందట చంద్రగిరి అబ్బాయి ఒకడు వచ్చాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాత వదిలిపోయిన ఎంజీబీకి 55 వేలు పెట్టి ఇంజన్ కొన్నాడు. ఫోటోలో సిల్వర్ పెయింటుతో మెరిసిపోతోంది. విప్పితే పిస్టన్ మీద 060, షెల్ వెనక 030. సరే స్లీవులు వేద్దామని బ్లాకును కాస్టిక్‌లో ఉడికించాం. గార వదిలాక రెండు, మూడు సిలిండర్ల మధ్య వెంట్రుక మందాన పగులు తేలింది. అప్పటికి బండి బాడుగ, ఉడికింపు, టెస్టింగ్ కలిపి ఇంకో 18 వేలు అయ్యాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "నాన్నకు చెప్పొద్దన్నా" అన్నాడు. లేబర్ తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

అపోహ: అంబాసిడర్ ఇంజనూ ఎంజీ ఇంజనూ ఒకటే.

వాస్తవం: చుట్టరికం నిజమే. 1955లో వచ్చిన ఎంజీఏలోనూ, పాత పెట్రోల్ అంబాసిడర్లోనూ ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ 1489 సీసీ ఇంజనే. కానీ ఎంజీకి రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, కంప్రెషన్ వేరు, హెడ్ వేరు. ఎంజీబీ అయితే 1798 సీసీ, అందులోనూ 1964 వరకు క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడు, ఆ తర్వాత ఐదు. మూడు బేరింగుల క్రాంకు ఐదు బేరింగుల బ్లాకుకు కూర్చోదు. 1990ల అంబాసిడర్లో వచ్చిన ఇసుజు 1800 అసలు ఆ వంశమే కాదు. దాన్ని కూడా "ఎంజీకి పడుతుంది సార్" అని అమ్మేవాళ్లున్నారు.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఇంజనైతే క్రాంకు పుల్లీని ముందుకు, వెనక్కి లాగి చూడండి. కంటికి కనబడేంత ఆడుతోందంటే లోపల థ్రస్ట్ వాషర్ (క్రాంకు ముందుకు వెనక్కి జరగకుండా ఆపే బిళ్ల) అరిగో, రాలిపోయో ఉంటుంది. రాలిపోయాక కూడా నడిపి ఉంటే క్రాంకు బ్లాకును తినేసి ఉంటుంది.

అపోహ: ఇంజన్ నంబరు ఎవడు చూస్తాడు?

వాస్తవం: ఆర్‌టీఓ చూస్తాడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చాలంటే అనుమతి కావాలి, ఆర్‌సీలో నంబరు మారాలి. అమ్మినవాడి బిల్లు, పాత బండి కాగితాలు లేకుండా ఇంజన్ ముట్టుకోకండి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో కూడా 50 ఏళ్లు దాటడం ఒక్కటే చాలదు, ఇంజన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

ఇప్పటి పెట్రోలుకు పాత ఇంజన్ బతకదంటారు. 2000 నుంచి మన దగ్గర సీసం లేని పెట్రోలే కదా, సీసం లేకపోతే పాత వాల్వ్ సీట్లు అరుగుతాయని ఆ భయం. హెడ్డులో గట్టి వాల్వ్ సీట్లు వేయించండి, పాత రబ్బరు పైపులు మార్చండి. దానికంత టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లు కంగారు పడకండి. పెయింటు వేయకుండా, కడగకుండా, విప్పకుండా అలాగే తీసుకురండి. కొలిచి చెబుతాను, కొలతకు డబ్బులేమీ వద్దు.

చంద్రగిరి అబ్బాయి ఇంకో బ్లాకు వెతుక్కుని, ఈసారి గోరు పెట్టి చూసుకునే కొన్నాడు. పగిలిన బ్లాకును తీసుకుపోలేదు. అమావాస్య వస్తే ఇప్పటికీ షెడ్డు ముందు టెంకాయ దాని మీదే కొడుతున్నాం.